ఆ ఆదివారం దగ్గినవాళ్ళు

ఈమధ్య నాకొక విడ్డూరపు అలవాటు పట్టుకుంది. రాత్రి ఇంట్లోవాళ్ళు పడుకున్నాక హెడ్‌ఫోన్లు తగిలించుకుని మాలర్ తొమ్మిదో సింఫనీ పెట్టుకుంటాను. ఇప్పటి శుభ్రమైన రికార్డు కాదు. 1938 జనవరి 16న వియన్నాలో, మూజిక్‌ఫెరైన్ హాల్లో, జనం ఎదుట వియన్నా ఫిల్హార్మోనిక్ వాయిస్తుండగా పట్టిన రికార్డు. కండక్టర్ బ్రూనో వాల్టర్. ముందు పాత ప్లేటు మీద సూది నడిచే బరబర. దాని వెనక నుంచి చెల్లోలు, ఒక హార్న్, ఒక హార్ప్, తలా రెండు మూడు స్వరాలు తడబడుతూ పలుకుతాయి. అంతలో రెండో వరస వయొలిన్లు అందుకుంటే అసలు పాట మొదలవుతుంది. ఆ మెత్తదనంలోనే ఎక్కడో ఎవరో దగ్గుతారు. పొడి దగ్గు. ఇంకాసేపటికి మరో మూల నుంచి ఇంకొకరు. నా అలవాటల్లా ఆ దగ్గుల కోసం కాచుకుని కూర్చోవడం. సుమారు డెబ్బై నిమిషాల సంగీతం, అంత పెద్ద వాద్యబృందం ఒళ్ళు దాచుకోకుండా వాయిస్తోంది, ఇక్కడ నేనేమో టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన ఊరూ పేరూ తెలియని మనిషి గొంతు సవరించుకుంటాడేమోనని చెవులు రిక్కించి ఉన్నాను. రసజ్ఞత అంటారా దీన్ని? పక్కింటి మాటలు వినే బుద్ధి అంటారా? రెండోదే అయి ఉంటుందని నా అనుమానం. అయినా ఆ దగ్గు వినకపోతే ఆ రాత్రి ఏదో వెలితిగా ఉంటుంది.

మన కచేరీలు విని పెరిగిన చెవికి శ్రోత చప్పుడు చెయ్యడం తప్పుగా తోచదు. తొడ మీద తాళం వేసే అరచేతులు, మంచి సంగతి పడగానే ఒక ‘భేష్’, తని ఆవర్తనం ఎత్తుకోగానే కాఫీకి లేచేవాళ్ళ కుర్చీల కిర్రుమనడం, ఇవన్నీ కలిస్తేనే కచేరీ. పద్యనాటకాల్లో అయితే మనవాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. జనం ‘వన్స్ మోర్’ అని కేక పెడితే రాయబారానికి వచ్చిన కృష్ణుడు కౌరవసభను అలాగే నిలబెట్టి, అదే పద్యం మళ్ళీ ఎత్తుకునేవాడు. మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో ఒకాయన ఉండేవారు. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఎప్పుడూ ముందు వరసలో, చాప అంచున, గోడకు కాక పందిరి రాటకు ఆనుకుని కూర్చునేవారు. ఆ పందిట్లో టేప్ రికార్డరు పెట్టి పట్టిన క్యాసెట్లు చాలాకాలం మా ఇంట్లో ఉన్నాయి. ఏ క్యాసెట్టు తిప్పినా ఆయన ‘అద్దీ!’ వినపడాల్సిందే. అయితే ఆ ‘అద్దీ’ సంగతి పడ్డాక వచ్చేది కాదు, పడబోయే ముందు వచ్చేది. రాగం ఎటు మలుపు తిరగబోతోందో ఆయనకు ముందే తెలుసు. పాడేవాళ్ళు అక్కడికి చేరేసరికి ఆయన వెళ్ళి కూర్చుని ఉండేవారు. చిన్నప్పుడు ఆ అరుపు నాకు చిరాకు పుట్టించేది. ఇప్పుడు ఆ పాటలు సగం మరచిపోయాను గానీ అరుపు మాత్రం ఎక్కడ పడుతుందో చెప్పగలను. వియన్నా హాల్లో దగ్గినవాళ్ళను ఆయన పక్కన కూర్చోబెట్టి చూస్తాను. ఆయనకు రాబోయేది తెలుసు. వాళ్ళకు తెలియదు. నేననేది సంగీతం సంగతి కాదు.

పడమటి హాళ్ళలో ఈ నిశ్శబ్దం మొదటి నుంచీ ఉన్నదేం కాదు. మోజార్టు కాలంలో సింఫనీ నడుస్తుండగానే చప్పట్లు కొట్టేవాళ్ళు, ఆయన దానికి సంబరపడేవాడు కూడా. పందొమ్మిదో శతాబ్దం నడిచేకొద్దీ శ్రోత నోరు మూతపడుతూ వచ్చింది. ఆ మూయించినవాళ్ళలో మాలర్ ఒకడు కావడం నాకు భలే తమాషాగా ఉంటుంది. 1897లో వియన్నా ఆస్థాన ఒపెరాకు డైరెక్టర్ అయ్యాక ఆలస్యంగా వచ్చినవాళ్ళకు మధ్యలో తలుపు తియ్యొద్దన్నాడు, హాల్లో దీపాలు తగ్గించాడు, డబ్బు పుచ్చుకుని చప్పట్లు కొట్టే ముఠాల మీద యుద్ధం ప్రకటించాడు. ఆ ఉద్యోగం దొరకడం కోసమే అదే ఏడు యూదు మతం విడిచి క్యాథలిక్ అయ్యాడు. పదేళ్ళు చేసి, 1907లో ఊరు విడిచిపెట్టాడు. యూదుడన్న మాట మటుకు ఏ బాప్టిజంతోనూ పోలేదు, పత్రికలు పోనివ్వలేదు. అంత కట్టుదిట్టంగా శ్రోతను కుర్చీకి కట్టేసినవాడి సింఫనీ మొదటిసారి రికార్డవుతుంటే ఆ ఊరి జనం చక్కగా దగ్గుకుంటూ కూర్చున్నారు. ఆయన ఉంటే ఉరిమి చూసేవాడే. ఉండడానికి లేదు కదా, 1911 మే 18న పోయాడు. 1909 వేసవిలో టోబ్లాఖ్ అనే కొండ ఊళ్ళో రాసుకున్న ఈ తొమ్మిదో సింఫనీని ఆయన చెవితో విననే లేదు. 1912 జూన్ 26న దీన్ని మొట్టమొదట వినిపించినది వియన్నా ఫిల్హార్మోనిక్కే. నడిపించినది బ్రూనో వాల్టరే. కుర్రతనంలో హాంబర్గ్‌లో మాలర్ దగ్గర సహాయకుడిగా చేసి, శిష్యుడై, స్నేహితుడైనవాడు. పాతికేళ్ళు దాటాక మళ్ళీ అదే వాద్యబృందం, అదే మనిషి. ఈసారి హాల్లో మైకులు పెట్టారు.

ఆ జనవరి 16 ఆదివారం. ఫిల్హార్మోనిక్ చందాదారుల కచేరీలు ఆదివారం పూట పెట్టుకోవడం ఆ ఊరి ఆనవాయితీ. కొరికే చలికాలం, బరువైన కోట్లు, జలుబులు, కచేరీ అయ్యాక భోజనాలు. ఎవరు ఎవరింటికి వెళ్ళాలి, ఎవరి అమ్మాయి పెళ్ళి ఎంతవరకు వచ్చింది, ఇలాంటి మాటలే ఆ మెట్ల మీద నడిచి ఉంటాయి. రాజకీయాలు మాట్లాడుకోలేదని కాదు, పక్క దేశంలో ఐదేళ్ళుగా హిట్లర్ ఉన్నాడు. 1933లో వాల్టర్‌ను లైప్‌జిగ్ నుంచీ బెర్లిన్ నుంచీ గెంటేస్తేనే ఆయన వియన్నాకు వచ్చి పడ్డాడు. తెలియక కాదు, ఇక్కడిదాకా రాదులే అనుకోవడం ఒకటుంది చూశారూ, అది. మార్చి 12న జర్మన్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. కచేరీకీ దానికీ నడుమ 55 రోజులు. ఆ సమయానికి వాల్టర్ ఆమ్‌స్టర్‌డామ్‌లో కచేరీలు చేస్తున్నాడు గనక బతికిపోయాడు. వియన్నాలో ఉన్న కూతురిని పట్టుకుని లోపలేశారు, కొన్నాళ్ళకు వదిలారు. మాలర్ పేరు మీదున్న వీధికి ఆ పేరు పీకేసి వాగ్నర్ ఒపెరా పేరు పెట్టారు. మాలర్ సంగీతం ఇక 1945 దాకా ఆ ఊళ్ళో వినపడలేదు.

ఆ రోజు వయొలిన్ల ముందు కూర్చున్న పెద్దాయన ఆర్నాల్డ్ రోజే. 74 ఏళ్ళు. 1881 నుంచీ ఆ కుర్చీ ఆయనదే, మాలర్ చెల్లెలిని చేసుకున్నాడు. ఫిల్హార్మోనిక్‌తో ఆయనకు ఇదే ఆఖరి కచేరీ అయింది. యాభై ఏడేళ్ళ కొలువు రోజుల్లో తుడిచిపెట్టుకుపోయింది. భార్య ఆ ఏడే పోయింది, ఆయన లండన్ చేరాడు, అక్కడే 1946లో కన్నుమూశాడు. కూతురు ఆల్మా రోజే, మాలర్ మేనకోడలు, ఆష్‌విట్జ్ శిబిరంలో ఆడఖైదీల వాద్యబృందాన్ని నడిపి, 1944 ఏప్రిల్‌లో అక్కడే చనిపోయింది. ఫిల్హార్మోనిక్‌కు చెందిన ఐదుగురు నాజీ శిబిరాల్లో ప్రాణాలు విడిచారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే లెక్క తప్పుతుంది. నాజీ పార్టీ ఆస్ట్రియాలో నిషేధంలో ఉన్న ఆ రోజుల్లోనే అందులో రహస్యంగా చేరినవాళ్ళు ఆ వాద్యబృందంలో ఉన్నారు. అంటే ఒకే వరసలో, ఒకే స్టాండు మీది కాగితం చూస్తూ, ఒకే తోవలో విల్లు లాగుతూ, రెండు నెలల్లో ఒకరు ఇంకొకరి కుర్చీ ఖాళీ అవుతుంటే చూస్తూ ఊరుకోబోయే మనుషులు కూర్చుని ఉన్నారు. రికార్డులో వాళ్ళ విల్లులు విడివిడిగా వినపడవు. వినపడితే బాగుండునని ఒకోసారి అనిపిస్తుంది. వినపడినా ఏం తెలుస్తుంది? విలన్ వయొలిన్ అపశ్రుతి పలకాలని రూలేం లేదు.

నన్ను సలిపేది ఇక్కడే. ఇప్పుడు నేను చెప్పినదాంట్లో ఎంత ఆ రికార్డులో ఉంది, ఎంత నేను పోసినది? ఆఖరి భాగం అడాజియోలో తంత్రీవాద్యాలన్నీ కలిసి గొంతెత్తే చోటు వస్తుంది, నాకు గుండె పట్టేసినట్టవుతుంది. రోజే ఆఖరిసారి, అనుకుంటాను. ఈ జనంలో ఎంతమంది వచ్చే జనవరికి ఈ ఊళ్ళో ఉంటారు, అనుకుంటాను. ఆ స్వరాలు మాత్రం 1909లో రాసినవి. వాయించినవాళ్ళు ఆ పొద్దున వాటిని వాయించారంతే. దగ్గిన మనిషికి గొంతు గరగరలాడింది గనక దగ్గాడు. అతని దగ్గులో చరిత్ర లేదు. అందుకే కాబోలు అది నన్నంతగా పట్టుకుంది. సంగీతాన్ని ఎలాగైనా మలుచుకోవచ్చు, విషాదం కావాలంటే విషాదం, ధిక్కారం కావాలంటే ధిక్కారం. దగ్గును మలుచుకోవడం కష్టం. ఆ రికార్డు మొత్తంలో నా జాలి అంటని చప్పుడు అదొక్కటే. నిజానికి దానికీ అంటించే ప్రయత్నంలోనే ఉన్నానేమో, లేకపోతే ఈ వ్యాసమెందుకు?

ఇంకొకటి. ఈ కథకు లొంగని సాక్ష్యం ఆ రికార్డులోనే ఉంది, అది వేగం. తొమ్మిదో సింఫనీ అంటే లోకానికి వీడ్కోలు అని అందరూ అంటారు. స్వరపత్రం చివర వాద్యాలు చచ్చిపోతున్నట్టు సన్నగిల్లాలని మాలర్ రాసిపెట్టాడు. ఆ పేజీని సాగదీసి, సాగదీసి, ఊపిరి బిగబట్టించి వాయించడం తర్వాతివాళ్ళు నేర్పిన పద్ధతి. లియొనార్డ్ బెర్న్‌స్టైన్ 1985లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జనం ఎదుట నడిపించిన రికార్డులో ఆ ఒక్క భాగమే అరగంటకు అర నిమిషం తక్కువ. వాల్టర్ 1938లో అదే భాగాన్ని సుమారు 18 నిమిషాల్లో ముగించేశాడు. వీడ్కోలు చెప్పే హక్కు ఎవరికైనా ఉంటే ఆయనకే ఉండాలి. గురువు చేతుల్లోంచి అందుకున్నవాడు, ఒక దేశం పోగొట్టుకుని రెండోదాంట్లో తల దాచుకున్నవాడు. ఆయన మాత్రం గుమ్మంలో నిలబడి కళ్ళు ఒత్తుకోడు. చెప్పాల్సింది చెప్పి ముందుకు నడుస్తాడు. ముంచుకొస్తున్న ముప్పు ఆ వేగంలో వినిపిస్తుందని కొందరంటారు. నాకు నమ్మకం కుదరదు. ముందు జరగబోయేది తెలిసిన చెవికి నెమ్మదిగా వాయిస్తే విషాదం, తొందరగా వాయిస్తే భయం, ఎలా వాయించినా ఏదో ఒకటి దొరుకుతుంది. ఆ రోజుల్లో ఆ సంగీతం వాళ్ళకు సమాధిరాయి అయి ఉండదు. ఊళ్ళో తిరిగిన మనిషి, తిట్టిన మనిషి, రోజేకి బావమరిది, వాల్టర్‌కి గురువు రాసిన పాట, అంతే. తెలిసిన మనిషి మాటను ఎవరూ సాగదీసి పలకరు.

మాలర్ చావుబతుకుల్లో ఉండి రాశాడన్న కథ కూడా ఇలాంటి పోతతోనే పెరిగింది. 1907లో పెద్ద కూతురు చనిపోయింది, ఆయన గుండెలో కవాటం జబ్బుందని డాక్టర్లు చెప్పారు, ఈ రెండూ నిజమే. మొదట్లో వచ్చే ఆ తడబడే లయ ఆయన గుండె చప్పుడేనని బెర్న్‌స్టైన్ 1973లో హార్వర్డ్ ఉపన్యాసాల్లో చెబితే లోకం పట్టేసుకుంది. నేనూ పట్టుకున్నాను, చాలా ఏళ్ళు ఆ చోట నా చెయ్యి తెలియకుండానే ఛాతీ మీదికి వెళ్ళేది. మరి 1909-10 సీజన్లో ఆ గుండెజబ్బు మనిషే న్యూయార్క్‌లో 40కి పైగా కచేరీలు చేశాడు. తర్వాతి వేసవిలో పదో సింఫనీ మొదలుపెట్టాడు. చనిపోబోతున్నానని తెలిసిన మనిషి లక్షణాలా ఇవి? అది పూర్తి కాకుండా పోయాడు గనక తొమ్మిదోది ఆఖరిదైంది. ఆఖరిదైంది గనక వీడ్కోలైంది. మనం వెనక్కి చూస్తూ ముందుకు కథ చెప్పుకుంటాం, ఏ కూనిరాగంలోనైనా శకునం వెతుక్కుంటాం.

జనం ఎదుట పట్టిన రికార్డుల్లో జనం పాత్ర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తేల్చడం కష్టం. బెర్న్‌స్టైన్ బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌ను జీవితంలో ఒక్కసారే నడిపించాడు, 1979 అక్టోబరులో, ఇదే సింఫనీతో. ఆఖరి భాగంలో పతాకస్థాయి దగ్గర ట్రాంబోన్లు ఒక్కసారిగా అందుకోవాలి. అందుకోవు. ఆ చోట రికార్డులో గోతిలాగా ఖాళీ. అక్కడి హాల్లో వాద్యబృందం వెనక కూడా శ్రోతలు కూర్చుంటారు. ట్రాంబోన్ల వెనక ఒకాయన గుండె ఆగి పడిపోయాడనీ, ఆ కలకలంలో వాళ్ళు తప్పారనీ చెప్పుకుంటారు. బెర్న్‌స్టైన్ పోయాక 1992లో ఆ రికార్డు బయటికొచ్చింది, ఆ ఖాళీతో సహా. 2010లో లూసర్న్‌లో క్లాడియో అబ్బాడో నడిపించినప్పుడు ఆఖరి స్వరం ఆగిపోయాక రెండు నిమిషాలకు పైగా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చాలా గొప్పగా ఉంటుందది, వీడియోలో చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ నాలో ఒక వెక్కిరింపుగాడు ఉన్నాడు. ఆ శ్రోతలకు ఈ సింఫనీ చివర ఎలా కూర్చోవాలో తెలుసు, వాళ్ళు కూడా తమ వంతు వాయిస్తున్నారు అంటాడు వాడు. 1938 నాటి జనానికి ఆ మర్యాద ఇంకా రాలేదు. ఇప్పుడు లైవ్ అని రాసి అమ్మే రికార్డుల్లో చాలామటుకు రెండు మూడు సాయంత్రాలవి అతికి కుట్టినవే. తప్పిన చోట్లు ఖాళీ హాల్లో మళ్ళీ వాయించి పూడుస్తారు, దగ్గులు కంప్యూటరులో చెరిపేస్తారు. బాగా చేస్తారు, అతుకు కనపడదు. జనం ఉన్నారన్న సంగతి అట్ట చూస్తేనే తెలుస్తుంది.

1938లో ఆ వీలు లేదు. ప్లేటుకు ఒక వైపు నాలుగున్నర నిమిషాలకు మించి పట్టదు. మైనపు పలక నిండబోతుండగా రెండో యంత్రం అందుకోవాలి, అది నిండేలోగా మొదటిదాని మీద కొత్త పలక ఎక్కించాలి. కచేరీ మటుకు ఎవరి కోసమూ ఆగదు. అలా ఇరవై వైపుల మీద, పది ప్లేట్లలోకి సింఫనీని దించిన బృందానికి పెద్ద, హెచ్‌ఎమ్‌వీ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్. ఈ పేరు మన గ్రామఫోను చరిత్ర తెలిసినవాళ్ళకు కొత్త కాదు. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతును ప్లేటు మీదికి ఎక్కించినవాడు ఆయనే. అప్పటికి మైకులు లేవు, గొట్టంలోకి గొంతెత్తి పాడాలి. మూడు నిమిషాల్లో రాగం, పాట అన్నీ ముగించి, చివరి క్షణంలో ఆవిడ ఇంగ్లీషులో తన పేరు గట్టిగా చెప్పేది. ఎందుకంటే ఆ మైనపు పలకలు అచ్చుకు జర్మనీలో హానోవర్ వెళ్ళాలి, అక్కడి పనివాళ్ళకు ఎవరి పాట ఎవరిదో తెలియాలి. ఆ ప్లేట్లు విన్నప్పుడు పాట కన్నా ముందు నన్ను కదిలించేది ఆ పేరు చెప్పడమే, ఇప్పుడే నిలబడి ఊపిరి పీల్చుకుంటున్న మనిషి. గైస్‌బర్గ్ ముప్పైలో పడకముందు అది పట్టాడు, 65 ఏళ్ళ వయసులో ఇది. పాటతో పాటు పాట కానిది కూడా పలక మీదికి ఎక్కుతుందని ఆయనకు తెలియకుండా ఉంటుందా? తెలిసే ఉంటుంది. వ్యాపారి కదా, దాన్ని గురించి పెద్దగా బెంగపడి ఉండడు.

ఆ ప్లేట్లు అచ్చయి దుకాణాలకు చేరేసరికి మార్చి దాటిపోయింది. ఇది తట్టినప్పుడు కాసేపు వినడం ఆపేశాను. అంటే ఆ పొద్దున హాల్లో ఉన్నవాళ్ళు తప్ప, ఏమీ తెలియకుండా ఈ వాయిద్యం విన్నవాళ్ళు ప్రపంచంలో ఎవరూ లేరన్నమాట. మొట్టమొదట కొన్నవాళ్ళు కూడా నాలుగు నిమిషాలకోసారి లేచి ప్లేటు తిరగేస్తూ, ఆ ఊరు ఇప్పుడు లేదని తెలిసే విన్నారు. ఈ రికార్డుకు అమాయకుడైన శ్రోత పుట్టనే లేదు. పుట్టించవచ్చా అని ఒక దుర్బుద్ధి కలిగింది. వేసవి సెలవులకు మా అన్నయ్య కూతురు వచ్చింది. హైదరాబాదులో చదువుకుంటోంది, చిన్నప్పటి నుంచీ కర్ణాటక వయొలిన్ నేర్చుకుంది. ఏ ఊరు, ఏ ఏడు, ఎవరు అని ఒక్క ముక్క చెప్పకుండా హెడ్‌ఫోన్లు ఇచ్చి కూర్చోబెట్టాను. రెండో భాగంలో పల్లెటూరి నాట్యం వరస వచ్చినప్పుడు కాలు కదిపింది. మూడో భాగం హోరులో మొహం చిట్లించి, ఒక చెవి తీసి, “వీళ్ళు సరిగ్గా ప్రాక్టీసు చెయ్యలేదా బాబాయ్? ఒకళ్ళ మీద ఒకళ్ళు పడిపోతున్నారు” అంది. నిజమే, పడిపోతారు. ఆ తొక్కిసలాటలో నేను ఎప్పుడూ ఏదో మహాభయం విన్నాను, అది చూసింది రిహార్సల్ చాలకపోవడాన్ని. దగ్గుల గురించి దాని నోట్లోంచి ఒక్క మాటా రాలేదు. మన కచేరీలు విన్న పిల్ల కదా, దానికి అవి పట్టనే లేదు.

మొదటి భాగం మళ్ళీ పెట్టమని తనే అడిగింది. కళ్ళు మూసుకుని, ఎడమచేతి వేళ్ళు గాల్లో లేని తంత్రి మీద నడుపుతూ, “ఇక్కడ జారు వేస్తున్నారు, చూడు” అంది. “పై స్వరానికి ఎగిరి వెళ్ళట్లేదు, వేలు ఎత్తకుండా జరిపి పట్టుకుంటున్నారు. అందరూ ఒకేసారి.” వెనక్కి జరిపి వినిపించింది. ఇన్నేళ్ళుగా ఇరవయ్యో శతాబ్దపు విషాదం అని పేరు పెట్టి నేను వింటున్న ఆ పులకరింపులో సగం, వయొలిన్ల వరస మొత్తం రోజే వెనకాల కలిసికట్టుగా వేసిన జారు. ఆ తర్వాత వాల్టర్‌దే 1961 రికార్డు పెట్టాం. 84 ఏళ్ళ వయసులో, హాలీవుడ్ హాల్లో, శ్రోతలు లేకుండా, రికార్డింగు కోసం కూర్చిన వాద్యబృందంతో చేసినది. స్టీరియో ధ్వని, ఒక్క దగ్గు లేదు, ఆఖరి భాగం మూడు నిమిషాలు నెమ్మది. అది వింటూ నాలుగైదు చోట్ల తల అడ్డంగా ఊపింది. “ఇక్కడ లేదు. ఇక్కడా లేదు. స్వరం నుంచి స్వరానికి గెంతేస్తున్నారు.” ఎక్కడికి పోయింది అని అడిగింది. వెంటనే నా నోటికి వచ్చిన జవాబు మార్చి 12. ఆపుకున్నాను. ఎందుకంటే వయొలిన్లలో ఆ జారు ఆ దశాబ్దాల్లో హిట్లర్ ఛాయ పడని ఊళ్ళలో కూడా ఫ్యాషన్ పోయింది, లండన్‌లో, న్యూయార్క్‌లో, అంతటా. అది పాతకాలపు నాజూకుతనమని కుర్ర వయొలినిస్టులు వదిలేశారు, అంతే. ఆ మాటే చెప్పాను. “మరి మనవాళ్ళు వదల్లేదుగా” అని, 1938 మళ్ళీ పెట్టి, పెన్సిలు తీసుకుని జారు పడ్డ చోటల్లా నిమిషాలు, సెకన్లు రాసుకోవడం మొదలుపెట్టింది.